పాతబస్తీలో కాలేయ మూలకణ పరిశోధన

హైదరాబాద్ పాతబస్తీలో మూలకణాల పరిశోధన చరిత్ర ప్రధానంగా కాలేయానికి సంబంధించినది. దీనికి కేంద్రం కంచన్‌బాగ్‌లోని దక్కన్ వైద్య కళాశాల కాలేయ పరిశోధన కేంద్రం. నాయకత్వం వహించినవారు జీర్ణకోశ వైద్యులు డాక్టర్ సి.ఎం. హబీబుల్లా.

పూర్తిగా చెడిపోయిన కాలేయానికి మార్పిడే మార్గం. అవయవదాతలు తక్కువ, ఖర్చు పేదింటికి అందదు. అందుకే కాలేయం మొత్తాన్ని కాక, దాని కణాలనే ఎక్కిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన బలపడింది. తీవ్ర కాలేయ వైఫల్యంతో ఉన్న ఏడుగురికి గర్భస్థ పిండాల కాలేయ కణాలను ఉదరకుహరంలోకి ఎక్కించిన అనుభవాన్ని హబీబుల్లా బృందం 1994లో ప్రచురించింది. తర్వాత దృష్టి మూలకణాల మీదికి మళ్లింది. పిండ కాలేయం నుంచి ఎప్‌క్యామ్ అనే ప్రోటీన్ గుర్తుగా వాటిని ఏరి, 25 మంది సిర్రోసిస్ రోగులకు కాలేయ ధమని ద్వారా ఎక్కించారు. ఆ ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఆరు నెలలకు, వ్యాధి తీవ్రతను కొలిచే మెల్డ్ స్కోరు సగటున తగ్గింది. ఇది ఆశ కలిగించే ఫలితమే. కానీ ఏళ్ల తరబడి సాగే జబ్బులో ఆరు నెలలు చిన్న గడువు. పాతిక మందిని చూసి రోగం నయమైందనలేం.

నైతిక చిక్కు కణాల పుట్టుక దగ్గర మొదలవుతుంది. 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ వేరుచేసిన మూలకణాలు కొద్ది రోజుల పిండానివి; వాటికోసం పిండాన్ని నాశనం చేయాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో వాడినవి గర్భస్రావమైన పిండాలవి. మన దేశంలో 1971 చట్టం నిర్ణీత షరతులతో గర్భస్రావాన్ని అనుమతిస్తుంది. ఇస్లామీయ ధర్మశాస్త్ర పండితుల్లో చాలామంది పిండంలో ప్రాణం ప్రవేశించేది 120 రోజులకని చెబుతారు. ముస్లింలు ఎక్కువగా ఉండే పాతబస్తీలో కుటుంబాలకు ఇది పుస్తకాల్లోని చర్చ మాత్రమే కాదు. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనక ఎలుక చర్మకణాలనే మూలకణాల స్థితికి మళ్లించడంతో పిండం అవసరం కొంత తగ్గింది. అయితే అలాంటి కణాల నుంచి కణుతులు పుట్టే భయం ఉంది.

నగరంలోనే బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ రోగి సొంత కంటి నల్లగుడ్డు అంచులోని మూలకణాలతో పనిచేసింది కనుక పిండం ప్రశ్న అక్కడ రాలేదు.

భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2007లో మార్గదర్శకాలు తెచ్చి, 2013, 2017లలో సవరించాయి. రక్త సంబంధ వ్యాధుల్లో స్థిరపడిన చికిత్సలు మినహా, ఆమోదిత క్లినికల్ ట్రయల్ బయట మూలకణాలను రోగులకు ఎక్కించడం అనైతికమని తేల్చాయి. ఇది కఠినమనిపించినా అవసరమే. వేరే దారి లేని రోగి ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు. ఆ కాగితంలో ఉన్నది అతనికి ఉర్దూలోనో తెలుగులోనో విడమరచి చెప్పాలి. గర్భస్రావం చేయించుకునే స్త్రీ విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి: ఆ నిర్ణయం పూర్తయ్యాకే కణాల దానం గురించి అడగాలి, అందుకు డబ్బు ఆశ చూపకూడదు.