మన్యం రోడ్లపై పెద్ద టైర్లు – కంపెనీ చక్రాలకు ఏ పరిమాణం తగును?

నర్సీపట్నం: అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం మైదాన ప్రాంతానికి, మన్యానికి మధ్య ముఖద్వారం వంటిది. ఇక్కడి నుంచి లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లికి, అక్కడి నుంచి గూడెం కొత్తవీధి, సీలేరు ప్రాంతాలకు వెళ్ళే జీపులు, పికప్ వ్యాన్లు, లారీలు కొండ గ్రామాలకు సరుకులు చేరవేస్తూ, తిరుగు ప్రయాణంలో కాఫీ, మిరియాలు, పసుపు తీసుకువస్తాయి. వారపు సంతలకు, ఆసుపత్రులకు వెళ్ళే గిరిజనులకు కూడా ఈ వాహనాలే ఆధారం. తారు రోడ్డు ముగిసి మట్టి బాట మొదలయ్యే చోట, ముఖ్యంగా వానాకాలంలో, వాహనం బురదలో కూరుకుపోవడం సాధారణం. ఈ ఇబ్బందిని అధిగమించే ఉద్దేశంతో కొందరు యజమానులు కంపెనీ అమర్చిన చక్రాలకే మరింత పెద్దవి, వెడల్పైనవి అయిన ఆఫ్‌రోడ్ టైర్లను బిగించుకోవడం కద్దు. ఇందులోని సాంకేతిక పరిమితులను, చట్ట నిబంధనలను పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల సమాచారం నిమిత్తం ఇక్కడ పొందుపరచడమైనది.

టైరుపై అంకెల అర్థం

బొలెరో వాహనాలలో కనిపించే 215/75 ఆర్ 15 అనే పరిమాణాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. ఇందులో 215 అనేది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అనేది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం. ‘ఆర్’ అనగా రేడియల్ నిర్మాణం. 15 అనేది చక్రం వ్యాసం అంగుళాలలో. ఈ లెక్కన టైరు మొత్తం ఎత్తు సుమారు 704 మిల్లీమీటర్లు. 235/75 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 734 మిల్లీమీటర్లు, అంటే 4 శాతం అధికం. ఆఫ్‌రోడ్ ప్రియులు కోరుకునే 31×10.50 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 787 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 12 శాతం అధికం. మూడింటికీ చక్రం వ్యాసం 15 అంగుళాలే. అందువల్ల మూడూ ఒకే చక్రానికి ఎక్కుతాయన్న భావన కలుగుతుంది. అయితే వ్యాసం సరిపోయినంత మాత్రాన టైరు సరిపోయినట్లు కాదు.

చక్రం వెడల్పే మొదటి హద్దు

ప్రతి టైరు పరిమాణానికి తగిన చక్రం వెడల్పును తయారీదారులు నిర్దేశిస్తారు. 215/75 ఆర్ 15 టైరుకు 5.5 నుంచి 7 అంగుళాల వరకు, 235/75 ఆర్ 15 టైరుకు 6 నుంచి 8 అంగుళాల వరకు, 31×10.50 ఆర్ 15 టైరుకు 7 నుంచి 9 అంగుళాల వరకు వెడల్పు గల చక్రాలు తగినవి. కనుక 6 అంగుళాల చక్రం మొదటి రెండింటికి సరిపోవును గాని మూడవదానికి సరిపోదు.

ఇరుకు చక్రానికి వెడల్పు టైరు బిగించినప్పుడు దాని పక్కగోడలు లోపలికి లాగబడి, నేలను తాకే భాగం మధ్యలో ఉబ్బుతుంది. ఫలితంగా నడిమి గాడులు త్వరగా అరిగిపోవడమే కాక, మలుపులలో పట్టు సడలుతుంది. బురదలో నడిపేందుకు గాలి తగ్గించినప్పుడు టైరు అంచు చక్రం నుంచి జారి, గాలి ఒక్కసారిగా పోయే ప్రమాదమున్నది. ఏ పట్టు కోసం పెద్ద టైరు కొన్నారో ఆ పట్టే ఈ విధంగా దెబ్బతింటున్నదన్నమాట.

రెండవ హద్దు ఖాళీ స్థలం. పైన చెప్పిన 31 అంగుళాల టైరు పాతదానికంటే 50 మిల్లీమీటర్లకు పైగా వెడల్పు, వ్యాసార్ధంలో 42 మిల్లీమీటర్లు అధికం. నిలిపి ఉంచిన వాహనానికి ఇది సరిపోయినట్లు కనిపించినా, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లేదా బరువుతో గోతిలో పడి స్ప్రింగులు కుంగినప్పుడు మడ్‌గార్డుకు, ఛాసిస్‌కు, బ్రేకు గొట్టాలకు రాసుకొనవచ్చును. దీనిని తప్పించేందుకు చక్రానికి, హబ్బుకు మధ్య స్పేసర్లు వేస్తే బేరింగులపై, స్టీరింగ్ కీళ్ళపై భారం పెరుగుతుంది.

దిగుడు దారిలో అసలు ప్రమాదం

పెద్ద టైరు వలన వాహనం ఎత్తు పెరిగి, రాళ్ళు అడుగు భాగానికి తగలకుండా ఉండుట వాస్తవమే. అయితే సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున గల లంబసింగి నుంచి బరువుతో దిగే వాహనానికి ఎక్కుట కంటే దిగుటే పరీక్ష. చక్రం వద్ద బ్రేకు కలిగించే మెలితిప్పు బలం మారదు. టైరు వ్యాసార్ధం పెరిగినకొద్దీ ఆ బలం నేలకు చేరేసరికి తగ్గిపోతుంది. 12 శాతం పెద్దదైన టైరుతో ఈ తగ్గుదల పదో వంతుకు పైగా ఉంటుంది. చిన్న గేరులో దిగేటప్పుడు ఇంజను ఇచ్చే నిరోధం సైతం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఆ లోటును పూరించేందుకు డ్రైవరు మరింత గట్టిగా, మరింత సేపు బ్రేకు తొక్కవలసి వస్తుంది. పొడవైన ఘాట్‌లో బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోవడానికి ఇదే దారి తీస్తుంది. ఎక్కేటప్పుడు లాగుడు శక్తి కూడా అదే మేరకు తగ్గి క్లచ్‌పై భారం పడుతుంది. పరిమితికి మించి ప్రయాణికులను ఎక్కించిన వాహనాలలో ఈ లోపాలన్నీ రెట్టింపు ప్రమాదకరమని వేరుగా చెప్పనక్కరలేదు.

మీటరు లెక్కలు, లాగ్‌బుక్కులు

స్పీడోమీటరు చక్రం తిరిగిన చుట్లను బట్టి వేగాన్ని చూపుతుంది. 31 అంగుళాల టైరుతో మీటరు 60 కిలోమీటర్లు చూపునప్పుడు వాస్తవ వేగం సుమారు 67 కిలోమీటర్లు. అదేవిధంగా 100 కిలోమీటర్ల ప్రయాణం మీటరులో సుమారు 89 కిలోమీటర్లుగానే నమోదవుతుంది. ప్రభుత్వ కార్యాలయాలకు అద్దె ప్రాతిపదికన నడిచే వాహనాల లాగ్‌బుక్కులు, ఇంధన వినియోగపు లెక్కలు పరిశీలించు అధికారులు ఈ అంశాన్ని గమనించవలసి ఉన్నది.

చట్టం ఏమంటున్నది

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇచ్చిన తీర్పులో ఈ నిబంధననే స్థిరపరచింది. 2019 సవరణ చట్టం ద్వారా చేర్చిన 182–ఎ సెక్షన్, అనుమతి లేని ప్రతి మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ విధించే వీలు కల్పించింది.

మోటారు క్యాబులు మినహా ఇతర రవాణా వాహనాల రిజిస్ట్రేషన్ దరఖాస్తులో ఒక్కొక్క ఇరుసుకు గల టైర్ల సంఖ్య, పరిమాణం నమోదు చేయవలసి ఉన్నది. అందువలన సరుకుల పికప్ వ్యానుకు టైరు పరిమాణం కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు. బీమా సంస్థకు తెలుపని మార్పు, ప్రమాదానంతరం పరిహారం విషయంలో వివాదానికి కారణం కాగలదు.

మేలైన మార్గం

బురదలో పట్టునిచ్చేది ప్రధానంగా టైరు గాడుల లోతు, అమరిక, తగిన గాలి మాత్రమే. ఇవన్నీ కంపెనీ పరిమాణంలోనే లభించే ‘ఆల్ టెరైన్’ టైర్లతో సమకూరుతాయి. తయారీదారు ఒకే వాహనానికి రెండు పరిమాణాలు ఇచ్చిన సందర్భంలో వాటిలో ఏది కోరుకున్నా దానికి తగిన చక్రంతోనే తీసుకొనవలెను. 2020లో విడుదలైన మహీంద్రా థార్‌కు 245/75 ఆర్ 16, 255/65 ఆర్ 18 టైర్లు ఇవ్వబడినవి. చక్రాలు వేరైనప్పటికీ, ఆ రెండు టైర్ల ఎత్తులో తేడా 2 శాతం లోపే ఉండటం గమనార్హం.

‘ఆఫ్‌రోడ్ టైరు’ అను మాటను వాడేటప్పుడు పాత్రికేయులు మరొక భేదాన్ని గుర్తించవలెను. ఇదే జిల్లాలోని అచ్యుతాపురంలో 2022 ఆగస్టు 16న ప్రారంభమైన యోకోహామా సంస్థకు చెందిన ఏటీసీ కర్మాగారంలో తయారగునవి ‘ఆఫ్ హైవే’ టైర్లు. అవి ట్రాక్టర్లు, నిర్మాణ యంత్రాల వంటి వాటికి ఉద్దేశించినవే గాని జీపులకు, పికప్‌లకు కాదు.

తనిఖీలో పరిశీలించదగిన అంశాలు

1. టైరుపై ముద్రించిన పరిమాణం వాహన పత్రాలలోని వివరాలతో సరిపోవుచున్నదా?
2. చక్రంపై ముద్రించిన వెడల్పు ఆ టైరుకు నిర్దేశించిన హద్దులలో ఉన్నదా?
3. టైరు భార సూచిక కంపెనీ టైరు కంటే తక్కువగా ఉన్నదా?
4. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా త్రిప్పినప్పుడు రాపిడి జాడలు ఉన్నవా? టైరు మడ్‌గార్డు వెలుపలికి పొడుచుకు వచ్చినదా?
5. నాలుగు టైర్లు, స్టెప్నీ ఒకే పరిమాణంలో ఉన్నవా? ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనంలో ముందు, వెనుక టైర్ల ఎత్తులు వేరైనచో గేరు వ్యవస్థ దెబ్బతినును.

టైరు కొనుటకు ముందు వాహనంతో వచ్చిన పుస్తకంలోని, డ్రైవరు తలుపు అంచున అతికించిన పట్టీలోని వివరాలను సరిచూచుకొనవలసినదిగా వాహన యజమానులకు తెలియజేయవలసిన ఆవశ్యకత ఉన్నది. కొండ దిగే వాహనంలోని ప్రయాణికులకు టైరును ఎంచుకునే అవకాశం లేదు. ఆ బాధ్యత యజమానిది, బిగించే మెకానిక్‌ది, తనిఖీ చేసే అధికారిది.