మాంట్రియల్ కెనేడియన్స్: ఒక హాకీ జట్టు చరిత్ర

మాంట్రియల్ కెనేడియన్స్ కెనడాలోని క్యూబెక్ ప్రావిన్సుకు, ఆ ప్రావిన్సులో అతి పెద్ద నగరమైన మాంట్రియల్‌కు చెందిన ప్రొఫెషనల్ ఐస్ హాకీ జట్టు. 1909 డిసెంబరు 4న ఏర్పడింది. నేటి అగ్రశ్రేణి పోటీ అయిన నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) కన్నా ఇది వయసులో ఎనిమిదేళ్ళు పెద్దది. ఐస్ హాకీలో అత్యున్నత బహుమతి స్టాన్లీ కప్‌ను 24 సార్లు గెలిచింది. రెండో స్థానంలో ఉన్న టొరంటో మేపుల్ లీఫ్స్ గెలిచినవి 13. అయితే కప్పుల లెక్క ఒక్కటే చూస్తే ఈ జట్టు గొప్పతనం సగమే తెలుస్తుంది. క్యూబెక్‌లోని ఫ్రెంచి మాట్లాడే ప్రజలు దీన్ని తమ ప్రతినిధిగా చూసుకున్నారు. వారి సామాజిక చరిత్రా, జట్టు చరిత్రా విడదీయలేనంతగా పెనవేసుకుపోయాయి.

ఆరంభం

జట్టు పుట్టుకకు మూలం వ్యాపారులు పట్టిన పంతం. ఒంటారియో ప్రావిన్సులోని రెన్‌ఫ్రూ పట్టణానికి చెందిన గనుల యజమానుల కుటుంబీకుడు ఆంబ్రోస్ ఓబ్రయన్ తన ఊరి జట్టును పెద్ద పోటీల్లో చేర్చాలని 1909లో మాంట్రియల్ వచ్చాడు. అక్కడి సంఘం తలుపులు మూసేసింది. అదే సంఘం బయటికి పంపిన మాంట్రియల్ వాండరర్స్ జట్టు వారితో కలిసి అతను నేషనల్ హాకీ అసోసియేషన్ అనే పోటీ సంఘాన్ని నెలకొల్పాడు. నగర జనాభాలో ఫ్రెంచివారే అధికులైనా హాకీ మీద అప్పట్లో ఇంగ్లీషువారిదే పెత్తనం. ఫ్రెంచి ఆటగాళ్ళతో ఒక జట్టు పెడితే ఇంగ్లీషు జట్లతో పోటీ రక్తి కడుతుందనీ, టికెట్లు బాగా తెగుతాయనీ నిర్వాహకులు అంచనా వేశారు. అలా కెనేడియన్స్ వెలిసింది. జాక్ లావియొలెట్, డిడియే పీత్ర్, న్యూసీ లలోండ్ తొలి తారలు. 1910 జనవరి 5న జూబిలీ రింక్‌లో ఆడిన మొదటి మ్యాచ్‌లో కోబాల్ట్ జట్టును 7–6తో ఓడించారు.

1910లో ఒకసారి కెనేడియన్స్ షికుటిమీ అనే ఊరికి వెళ్ళి స్థానికులతో ఆడింది. ఆ ఊరి గోల్‌కీపర్ వీళ్ళకు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. అతను జార్జ్ వెజినా. ఆ ఏడాదే జట్టులో చేరి, తరువాతి పదిహేనేళ్ళలో ఒక్క మ్యాచ్ కూడా మానకుండా ఆడాడు. 1916లో పోర్ట్‌లాండ్ రోజ్‌బడ్స్‌ను 3–2తో ఓడించి కెనేడియన్స్ తొలి స్టాన్లీ కప్ అందుకుంది. 1917 నవంబరులో పాత సంఘం స్థానంలో ఎన్‌హెచ్‌ఎల్ ఏర్పడింది. ఆ నిర్ణయం జరిగింది కూడా మాంట్రియల్‌లోని విండ్సర్ హోటల్లోనే.

1919 ఫైనల్ అర్ధాంతరంగా ఆగిపోయింది. సియాటిల్ మెట్రోపాలిటన్స్‌తో సిరీస్ సమానంగా ఉన్న దశలో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఆటగాళ్ళను మంచాన పడేసింది. చివరి మ్యాచ్ రద్దయింది, ఆ ఏడు కప్ ఎవరికీ దక్కలేదు. కొద్ది రోజులకే జట్టు ఆటగాడు జో హాల్ సియాటిల్‌లోనే కన్నుమూశాడు. యజమాని జార్జ్ కెనెడీ కూడా అదే జబ్బుపడి, మళ్ళీ పూర్తిగా కోలుకోకుండానే 1921లో మరణించాడు. ఆయన భార్య జట్టును 11,000 డాలర్లకు అమ్మేసింది. కొన్న ముగ్గురిలో ప్రధానుడు లియో డాండ్యురాండ్.

మోరెంజ్ కాలం

1923లో హోవీ మోరెంజ్ వచ్చాడు. మంచు మీద అతని వేగం చూసి ప్రత్యర్థి నగరాల ప్రేక్షకులు కూడా ముగ్ధులయ్యేవారు. 1924లో కప్, మళ్ళీ వరుసగా 1930, 1931లో కప్. 1924 నవంబరులో ప్రారంభమైన మాంట్రియల్ ఫోరం భవనాన్ని నిజానికి ఇంగ్లీషువారి జట్టు మరూన్స్ కోసం కట్టారు. కెనేడియన్స్ సొంత రింక్‌లో మంచు సిద్ధం కాకపోవడంతో అందులో మొదటి మ్యాచ్ ఆడే అవకాశం వీరికి వచ్చింది. 1926 నుంచి ఫోరమే వారి ఇల్లయింది.

ఈ వైభవం పక్కనే రెండు మరణాలున్నాయి. 1925 నవంబరు 28న వెజినా ఒళ్ళు కాలిపోతున్న జ్వరంతోనే బరిలోకి దిగి, మధ్యలో వైదొలిగాడు. అది క్షయ. నాలుగు నెలల్లో పోయాడు. ఉత్తమ గోల్‌కీపర్‌కు ఇచ్చే వెజినా ట్రోఫీ అతని స్మృతిగానే మొదలైంది. మోరెంజ్‌ను 1934లో షికాగోకు పంపేశారు, 1936లో తిరిగి తెచ్చుకున్నారు. 1937 జనవరి 28న ఆటలో అతని కాలు విరిగింది. మార్చి 8న ఆసుపత్రిలోనే మరణించాడు. అంత్యక్రియల ప్రార్థన ఫోరంలో జరిగితే వేలాది మంది మౌనంగా తరలివచ్చారు. అతని 7వ నంబరు చొక్కా ఆ తరువాత ఎవరికీ ఇవ్వలేదు.

ఆర్థిక మాంద్యం రెండు మాంట్రియల్ జట్లనూ కుంగదీసింది. 1938లో మరూన్స్ మూతపడింది. 1939–40లో కెనేడియన్స్ గెలిచినవి పది మ్యాచ్‌లే. ఆ ఏడు పట్టికలో అట్టడుగున నిలిచింది. జట్టు బతుకుతుందా అన్న సందేహం ఉన్న ఆ రోజుల్లో టొరంటో నుంచి కోచ్‌గా వచ్చిన డిక్ ఇర్విన్ దాన్ని మళ్ళీ నిలబెట్టాడు.

మోరీస్ రిషార్, 1955 అల్లర్లు

1942లో జట్టులో చేరిన మోరీస్ రిషార్ మాంట్రియల్ కార్మిక కుటుంబంలో పుట్టినవాడు. రాకెట్ అని అతనికి పేరు. 1944–45లో 50 మ్యాచ్‌లలో 50 గోల్స్ చేశాడు. ఒక సీజన్లో ఆ సంఖ్యను అంతకు ముందు ఎవరూ అందుకోలేదు. ఎల్మర్ లాక్, టో బ్లేక్‌లతో కలిసి అతను ఆడిన దాడి వరుస 1944, 1946 కప్‌లు తెచ్చింది. ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో ఇంగ్లీషు యజమానుల కింద పనిచేసే ఫ్రెంచి జనానికి, ఎవరికీ తలొగ్గని రిషార్ తమ ఇంటి మనిషిలా కనిపించాడు.

1955 మార్చి 13న బోస్టన్‌లో హాల్ లేకో స్టిక్ తగిలి రిషార్ తల చిట్లింది. కోపంతో అతను లేకో మీద పడ్డాడు, అడ్డొచ్చిన లైన్స్‌మన్‌ను కూడా కొట్టాడు. లీగ్ అధ్యక్షుడు క్లారెన్స్ క్యాంప్‌బెల్ మార్చి 16న అతన్ని సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌ల నుంచీ, కప్ విజేతను తేల్చే ప్లేఆఫ్స్ నుంచీ బహిష్కరించాడు. తప్పు జరిగిన మాట నిజమే. కానీ శిక్ష మితిమీరిందనీ, అదే పని ఇంగ్లీషు ఆటగాడు చేస్తే ఇంతదాకా వచ్చేది కాదనీ నగరం భగ్గుమంది.

మరునాడు, మార్చి 17న, ఫోరంలో డెట్రాయిట్‌తో మ్యాచ్. రావద్దని ఎందరు చెప్పినా క్యాంప్‌బెల్ వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. గుడ్లు, టమాటాలు అతని మీద కురిశాయి. మొదటి విరామంలో ఎవరో బాష్పవాయువు డబ్బా పేల్చారు. హాలు ఖాళీ చేయించి, అప్పటికి 4–1 ఆధిక్యంలో ఉన్న డెట్రాయిట్‌ను విజేతగా ప్రకటించారు. బయట సెయింట్ కేథరిన్ వీధి పొడవునా దుకాణాల అద్దాలు పగిలాయి, లూటీలు రాత్రి పొద్దుపోయేదాకా సాగాయి. చివరికి రిషారే మరునాడు రేడియోలో మాట్లాడి శాంతించమని జనాన్ని కోరాడు. ఆ ఏడు కప్ డెట్రాయిట్‌కు పోయింది. 1960లలో క్యూబెక్ సమాజాన్ని సమూలంగా మార్చిన నిశ్శబ్ద విప్లవానికి తొలి సంకేతాన్ని చాలామంది ఆ రాత్రిలోనే చూస్తారు. ఒక ఆటగాడి సస్పెన్షన్ నుంచే విప్లవం పుట్టిందనడం అతిశయోక్తి. ఏళ్ళుగా అణిగి ఉన్న అసంతృప్తి వీధికెక్కడానికి హాకీ సందర్భమైందనడమే సబబు.

అయిదు వరుస కప్‌లు

1955లో టో బ్లేక్ కోచ్ అయ్యాడు. 1956 నుంచి 1960 దాకా అయిదేళ్ళూ కప్ కెనేడియన్స్‌దే. ఈ ఘనత మరే జట్టూ అందుకోలేదు. అయిదింటిలోనూ ఉన్న ఆటగాళ్ళు పన్నెండు మంది. మోరీస్, అతని తమ్ముడు హెన్రీ, డగ్ హార్వీ, బెర్నీ జెఫ్రియన్, డికీ మూర్, వీరందరి మధ్య హుందాతనానికి మారుపేరైన జాఁ బెలివో. క్యూబెక్ నగరంలో హాయిగా ఆడుకుంటున్న బెలివో రానంటే, అతను ఆడే సీనియర్ లీగ్ హక్కులనే కెనేడియన్స్ 1953లో కొనేసింది.

ఈ జట్టు బలం నియమాలనే మార్పించింది. అప్పట్లో రెండు నిమిషాల శిక్ష పడిన ఆటగాడు, అవతలివారు ఎన్ని గోల్స్ చేసినా, గడువు పూర్తయ్యేదాకా బయటే ఉండాలి. 1955 నవంబరు 5న బోస్టన్ ఆటగాళ్ళు శిక్షలో ఉన్నప్పుడు బెలివో 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. ఒక గోల్ పడగానే చిన్న శిక్ష ముగిసేలా 1956లో లీగ్ నిబంధన సవరించింది. నేటికీ అదే అమల్లో ఉంది.

1959 నవంబరు 1న న్యూయార్క్‌లో ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ (ఆటలో బంతి బదులు వాడే బిళ్ళ) గోల్‌కీపర్ జాక్ ప్లాంట్ ముఖానికి తగిలింది. కుట్లు వేయించుకుని వచ్చిన ప్లాంట్, సాధనలో తొడుక్కునే ముసుగు ఉంటే తప్ప బరిలోకి రానన్నాడు. బ్లేక్‌కు అది ససేమిరా నచ్చదు, కానీ బదులు గోల్‌కీపర్ లేడు. జట్టు 3–1తో గెలిచింది. అంతకు ముందు కూడా కొందరు ముసుగు వేసుకున్నా, దాన్ని గోల్‌కీపర్ల నిత్య పరికరంగా మార్చింది ప్లాంటే.

పాలక్ ఎత్తుగడలు, 1970ల జట్టు

యువ ఆటగాళ్ళను పెంచే చిన్న జట్ల వ్యవస్థను ఫ్రాంక్ సెల్కీ నిర్మిస్తే, 1964లో మేనేజర్ అయిన శామ్ పాలక్ దాన్ని మరో మెట్టు ఎక్కించాడు. 1965–1969 మధ్య నాలుగు కప్‌లు వచ్చాయి. పాలక్ ముందుచూపుకు గీ లఫ్లర్ ఉదంతం మచ్చుతునక. 1971లో లఫ్లర్ కొత్త ఆటగాళ్ళ ఎంపికకు వస్తాడని తెలిసి, బలహీనమైన కాలిఫోర్నియా సీల్స్ నుంచి ఆ ఏటి మొదటి రౌండు ఎంపిక హక్కును 1970లోనే పాలక్ తీసుకున్నాడు. అట్టడుగు జట్టుకే మొదటి ఎంపిక కాబట్టి, సీల్స్ ఆ స్థానంలో ఉంటేనే ఆ హక్కుకు విలువ. లాస్ ఏంజెలెస్ ఇంకా కింద పడేలా ఉండటంతో, సీజన్ మధ్యలో ఆ జట్టుకు అనుభవజ్ఞుడైన రాల్ఫ్ బాక్‌స్ట్రమ్‌ను పంపాడు. సీల్స్ చివరి స్థానానికి చేరింది, లఫ్లర్ మాంట్రియల్ చేరాడు.

అదే 1971లో, అంతకు ముందు ఆరే లీగ్ మ్యాచ్‌లు ఆడిన న్యాయశాస్త్ర విద్యార్థి కెన్ డ్రైడెన్ ప్లేఆఫ్స్‌లో గోల్ కాచి కప్ తెచ్చాడు. 1973లో మరొకటి, 1976 నుంచి 1979 దాకా వరుసగా నాలుగు. కోచ్ స్కాటీ బోమన్ కింద 1976–77 జట్టు 80 మ్యాచ్‌లలో 60 గెలిచి, 12 డ్రా చేసుకుని, ఎనిమిదే ఓడింది. సొంత గడ్డపై ఓటమి ఒక్కటే. ఆ 132 పాయింట్ల రికార్డును బోస్టన్ 2022–23లో గానీ దాటలేకపోయింది. హాకీలో అంతటి సమగ్రమైన జట్టు మరొకటి లేదంటే కాదనేవారు తక్కువ.

రువా కాలం నుంచి నేటి వరకు

1979లో డ్రైడెన్ రిటైరయ్యాడు, బోమన్ వెళ్ళిపోయాడు. అదే ఏడాది ప్రావిన్సులోని మరో జట్టు క్యూబెక్ నార్డీక్స్ ఎన్‌హెచ్‌ఎల్‌లోకి రావడంతో ప్రావిన్సులో ఇంటింటా వర్గాలు ఏర్పడ్డాయి. 1984లో గుడ్ ఫ్రైడే నాడు ఈ రెండు జట్ల మధ్య జరిగిన కొట్లాట గురించి నేటికీ చెప్పుకుంటారు. 1986లో ఇరవయ్యేళ్ళ గోల్‌కీపర్ పాట్రిక్ రువా కప్ గెలిపించాడు. 1993లో మళ్ళీ అతనే. ఆ ప్లేఆఫ్స్‌లో అదనపు సమయానికి వెళ్ళిన పది మ్యాచ్‌లు వరుసగా గెలిచారు. ఫైనల్లో లాస్ ఏంజెలెస్‌తో రెండో మ్యాచ్ చేజారుతుండగా, ప్రత్యర్థి మార్టీ మెక్‌సోర్లీ స్టిక్ వంపు కొలవమని కోచ్ జాక్ డెమెర్స్ కోరాడు. వంపు నిబంధన మీరింది, శిక్ష పడింది, ఎరిక్ డెజార్డాన్ స్కోరు సమం చేసి, అదనపు సమయంలో గెలిపించాడు. అది 24వ కప్. ఆ తరువాత కెనడా జట్టేదీ స్టాన్లీ కప్ గెలవలేదు.

1995 డిసెంబరు 2న డెట్రాయిట్ చేతిలో 11–1తో ఓడిన మ్యాచ్‌లో తొమ్మిది గోల్స్ పడేదాకా రువాను కోచ్ బయటికి తీయలేదు. అవమానం దిగమింగుకోలేక, ఇదే మాంట్రియల్‌లో తన చివరి ఆట అని అతను జట్టు అధ్యక్షుడి ముఖం మీదే చెప్పేశాడు. నాలుగు రోజులకు కొలరాడోకు వెళ్ళి, ఆ సీజన్లోనే కప్ గెలిచాడు. 1996 మార్చి 11న ఫోరంకు వీడ్కోలు పలికారు. ఆ సాయంత్రం రిషార్ మంచు మీదికి రాగానే జనం లేచి నిలబడి నిమిషాల తరబడి చప్పట్లు ఆపలేదు. 2000లో అతను మరణిస్తే ప్రభుత్వ లాంఛనాలతో నోటర్ డామ్ బసిలికాలో అంత్యక్రియలు జరిగాయి.

ఫోరం స్థానంలో వచ్చిన ఇరవై ఒక్క వేల సీట్ల కొత్త భవనం నేడు బెల్ సెంటర్. బ్రూవరీ వ్యాపారులైన మోల్సన్ కుటుంబం చేతిలో పలుమార్లు ఉన్న యాజమాన్యం 2009లో తిరిగి వారికే వచ్చింది. 2011 డిసెంబరులో ఫ్రెంచి రాని కోచ్‌ను తాత్కాలికంగా నియమిస్తే నిరసనలు చెలరేగాయి. భాష ఇప్పటికీ ఇక్కడ సున్నితమైన విషయమే.

గోల్‌కీపర్ కేరీ ప్రైస్ 2015లో లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. కోవిడ్ ఆంక్షల నడుమ సాగిన 2021 ప్లేఆఫ్స్‌లో అతని అండతో జట్టు టొరంటో, విన్నిపెగ్, వేగస్‌లను దాటి, 28 ఏళ్ళ తరువాత ఫైనల్ చేరింది. వేగస్‌పై గెలుపు క్యూబెక్ జాతీయ దినమైన జూన్ 24నే వచ్చింది. ఫైనల్లో టాంపా బే 4–1తో గెలిచింది. 2022లో మార్టిన్ సెయింట్ లూయి కోచ్‌గా, 23 ఏళ్ళ నిక్ సుజుకి కెప్టెన్‌గా జట్టును కొత్తగా కట్టడం మొదలైంది. 2025లో ప్లేఆఫ్స్‌కు తిరిగొచ్చి మొదటి రౌండులో వాషింగ్టన్ చేతిలో ఓడింది. అదే ఏడాది జట్టు డిఫెండర్ లేన్ హట్సన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి అందుకున్నాడు.