మైకు సభకొచ్చింది చివరి వరుస కోసం

మైకు లేని రోజుల్లో ఊరందరికీ కబురు తెలియాలంటే టముకు వేయించేవాళ్లు. పద్యనాటకం ఆడే నటుడికి చివరి వరుసదాకా అందే గొంతు ఉండాల్సిందే. మనిషి గొంతు ఎంతదూరం పోతే సభ అంతవరకే. ఆ హద్దును చెరిపేసింది లౌడ్‌స్పీకర్.

దాని పుట్టుక టెలిఫోన్ పనిలో జరిగింది. డెన్మార్కు నుంచి అమెరికా వెళ్లిన పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధామ్‌తో కలిసి కాలిఫోర్నియాలోని నాపాలో చిన్న ప్రయోగశాల పెట్టాడు. ఫోనులో మాట మరింత స్పష్టంగా వినిపించాలన్నది వాళ్ల తపన. అయస్కాంతం దగ్గర ఒక తీగచుట్టను అమర్చి, దాన్ని పలచని రేకుకు కలిపారు. తీగలో కరెంటు హెచ్చుతగ్గులైనప్పుడల్లా చుట్ట కదులుతుంది, రేకు అదురుతుంది, శబ్దం పుడుతుంది. టెలిఫోన్ కంపెనీకి అది అక్కర్లేకపోయింది.

1915లో దానికి మైక్రోఫోన్‌ను కలిపి, గ్రామఫోన్ బాకా తగిలించి చూస్తే గదంతా చెవులు చిల్లులుపడే కూత! బాకాలోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైక్రోఫోన్‌లో దూరి, ఇంకా పెద్దదై బయటికి రావడమే దానికి కారణం. మన పందిళ్లలో మైకు 'కుయ్'మనేదీ అందుకే. బాకాను ఇంటికప్పు మీదికి చేర్చాక మాట చాలా దూరం వినిపించింది. ఆ ఏడాది డిసెంబర్ 24న శాన్‌ఫ్రాన్సిస్కో సిటీహాలు ముందు చేరిన క్రిస్మస్ జనం దాన్ని విన్నారు. 1919లో శాన్‌డియాగోలో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ వేలాదిమందితో దాని ద్వారానే మాట్లాడాడు. 1925లో రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు కాగితపు కోను ఉన్న స్పీకర్‌ను తీర్చిదిద్దారు. నేటికీ చాలా స్పీకర్లు ఆ పద్ధతిలోనే పనిచేస్తున్నాయి.

మన దేశంలో నానిక్ మోత్వానీ నడిపిన 'చికాగో రేడియో' సంస్థ కాంగ్రెస్ సభలకు మైకులు అమర్చింది. గాంధీజీది మెల్లని గొంతు. అది జనసముద్రం అంచుదాకా చేరిందంటే ఈ యంత్రం చలవే.

అదే యంత్రం మరో గొంతును మింగేసింది. అత్యాచారానికి గురైన ఒక 13 ఏళ్ల బాలిక కేకలు చుట్టుపక్కల లౌడ్‌స్పీకర్ హోరులో ఎవరికీ వినపడలేదు. ఆమె నిప్పంటించుకుని చనిపోయింది. ఆ ఘోరమే ఒక పౌరుణ్ని సుప్రీంకోర్టుకు నడిపించింది. ఈలోగా 2000లో శబ్దకాలుష్య నిబంధనలు వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు మోగకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా, పండగలకు అర్ధరాత్రి వరకు ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. 2005 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఈ కట్టడికి బలమిచ్చింది. డెసిబెల్ లెక్కలో 10 పెరిగిందంటే శబ్దశక్తి పదిరెట్లయినట్టే. అందుకే 55కీ 75కీ తేడా వందరెట్లు.

సభకు రాలేనంత దూరంలో ఉన్నవాళ్ల మీద మోత మోపడానికి మైకు సభల్లోకి రాలేదు, వచ్చినవాళ్లలో చివరి మనిషికి మాట చేర్చడానికి వచ్చింది. పెళ్లికైనా జాతరకైనా మైకు పెట్టించేవాళ్లు ముందుగా పందిరి చివర నిలబడి వినాలి. అక్కడ మాట తేటగా అందితే చాలు, ఇక పెంచొద్దని మైకు అబ్బాయికి చెప్పాలి.