విజయనగరం విజ్జీ: దాతగా, కెప్టెన్‌గా

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగింది. మన బడి చరిత్రను నాకన్నా బాగా తెలిసిన పెద్దలు రాస్తున్నారు. అందుకని నేను మన ఉత్తరాంధ్ర మనిషినే ఒకరిని ఎంచుకున్నాను. బడి మైదానంలో బ్యాటు పట్టిన ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు విన్న పేరు అది: విజ్జీ.

విశ్వవిద్యాలయాల జోనల్ జట్లు ఆడేది విజ్జీ ట్రోఫీ. విజయనగరంలో ఉన్నది విజ్జీ స్టేడియం. పేరు తెలిసినంతగా మనిషి తెలియదు. తెలిసినవారిలో కొందరు ఆయనను మహాదాత అంటారు, కొందరు భారత జట్టుకు దొరికిన అధ్వాన్నపు కెప్టెన్ అంటారు. ఏళ్ల తరబడి సోషల్ పాఠాలు చెప్పినవాడిగా నా అభిప్రాయం ఒకటే. రెండు మాటలూ నిజమే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయడం చరిత్ర అనిపించుకోదు.

ఆయన అసలు పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. 1905 డిసెంబరు 28న పుట్టారు. విజయనగరం ప్రభువు విజయరామ గజపతిరాజు గారి రెండో కుమారుడు. గద్దె అన్నగారు అలక్ నారాయణ గజపతికి దక్కింది. తమ్ముడు మహారాజకుమార్‌గా మిగిలి, కాశీలోని కుటుంబ ఎస్టేటుకు వెళ్లారు. చదువు అజ్మీరు మేయో కాలేజీలోనూ, ఇంగ్లండులో హెయిలీబరీలోనూ సాగింది. టెన్నిస్ బాగా ఆడేవారు, వేటలో దిట్ట. కానీ ఆ రోజుల్లో సంస్థానాధీశులకు పేరు తెచ్చే ఆట క్రికెట్. పటియాలా మహారాజాకు దీటుగా నిలవాలన్నది విజ్జీ పట్టుదల.

1926లో ఆయన సొంత జట్టు పెట్టారు. కాశీలో తన ప్యాలెస్ ఆవరణలోనే మైదానం వేయించారు. 1930-31లో శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా ఇంగ్లండు ఎం.సి.సి. జట్టు పర్యటన ఆగిపోయింది. దేశంలో ఆ ఏడు పెద్ద క్రికెట్ ఉండదని అందరూ అనుకుంటుండగా విజ్జీ తన జట్టుతో భారతదేశం, సింహళం చుట్టి వచ్చారు. అందులో ఆడినవారు ఎవరనుకున్నారు? ప్రపంచంలోనే పేరెన్నికగన్న ఓపెనింగ్ జోడీ జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్. హాబ్స్ ఫస్ట్‌క్లాస్ సెంచరీలు 197 అని కొందరు, 199 అని కొందరు లెక్కకడతారు. తేడా తెచ్చిన ఆ రెండు సెంచరీలు విజ్జీ జట్టుకు ఆడుతూ చేసినవే. ఇండోరు కుర్రవాడు ముస్తాక్ అలీని కాశీకి రప్పించి, శిక్షణ ఇప్పించి, ఆదరించిందీ విజ్జీయే. డబ్బున్నవారు చాలామంది ఉంటారు. దాన్ని ఆట కోసం ఇంత ధారాళంగా ఖర్చు పెట్టినవారు తక్కువ. ఆ సంగతి ఒప్పుకోకుండా ముందుకు వెళ్లకూడదు.

అయితే ఆ ఇచ్చే చేతిలోనే ఒక కోరిక కూడా ఉండేది. ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లా మైదానానికి ఆయన పెవిలియన్ విరాళమిచ్చి, దానికి వైస్రాయి విల్లింగ్డన్ పేరు పెట్టారు. జాతీయ పోటీలకు విల్లింగ్డన్ పేరిట బంగారు కప్పు ఇవ్వాలని చూశారు. కానీ పటియాలా ఇచ్చిన రంజీ ట్రోఫీయే నిలిచింది. 1932లో భారత జట్టు తొలి టెస్టుకు ఇంగ్లండు వెళ్లినప్పుడు విజ్జీకి డిప్యూటీ వైస్ కెప్టెన్ పదవి ఇచ్చారు. ఆరోగ్యం, ఫామ్ కారణాలు చెప్పి ఆయన తప్పుకున్నారు. లార్డ్స్‌లో ఆ టెస్టుకు నాయకత్వం వహించింది నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంవారు, సి.కె. నాయుడు. ఆట వల్ల కెప్టెన్ అయిన మనిషి ఆయన.

1936 పర్యటనకు ముందు ఎంపికైన పటౌడీ నవాబు అనారోగ్యంతో తప్పుకున్నారు. బోర్డులో ఓటింగు జరిగింది. నాయుడు ఓడారు, విజ్జీ గెలిచారు. ముప్ఫై ఆరు సామాన్ల పెట్టెలతో, ఇద్దరు నౌకర్లతో కెప్టెన్ గారు ఓడ ఎక్కారు.

మొదటి టెస్టు ఇంకా మొదలుకాకముందే దెబ్బ పడింది. మైనర్ కౌంటీస్‌తో లార్డ్స్‌లో మ్యాచ్. ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా ఉన్న లాలా అమర్‌నాథ్‌ను ఆపి, వేరేవాళ్లను ముందు పంపుతూ పోయారు. చివరికి డ్రెస్సింగ్ రూములో ఆయన ప్యాడ్లు విసిరికొట్టి, పంజాబీలో ఏదో అన్నారు. క్రమశిక్షణ తప్పాడంటూ కెప్టెన్, మేనేజరు కలిసి అమర్‌నాథ్‌ను ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. భారతదేశం తరఫున తొలి టెస్టు సెంచరీ, 1933లో బొంబాయిలో, కొట్టిన ఆటగాడు ఆయన. ఈ పర్యటనలో అప్పటికే ఆరువందలకు పైగా పరుగులు చేశారు. మూడు టెస్టుల్లో ఒక్కటీ ఆడకుండానే వెనుదిరిగారు.

లార్డ్స్‌లోనూ, ఓవల్‌లోనూ తొమ్మిదేసి వికెట్ల తేడాతో ఓడాం. మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్ (114), ముస్తాక్ అలీ (112) తొలి వికెట్‌కు 203 పరుగులు చేసి పరువు నిలిపారు. మర్చంట్‌ను రనౌట్ చేస్తే బంగారు గడియారం ఇస్తానని విజ్జీ ముస్తాక్‌తో అన్నారని క్రికెట్ లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది కథ, కథగానే వినాలి. స్కోరుపుస్తకం మాత్రం కథ కాదు: మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్, కెప్టెన్ గారి మొత్తం పరుగులు 33. అదే వేసవిలో ఆయనకు 'సర్' బిరుదు కూడా వచ్చింది.

తిరిగొచ్చాక బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ అధ్యక్షతన విచారణ జరిగింది. 1937 జనవరిలో నివేదిక వచ్చింది. ఫీల్డర్లను ఎక్కడ నిలబెట్టాలో, బౌలర్లను ఎప్పుడు మార్చాలో కెప్టెన్‌కు తెలియలేదని, బ్యాటింగ్ వరుస నిలకడగా లేదని తేల్చింది. అమర్‌నాథ్ నిర్దోషి అయ్యారు. కానీ యుద్ధం వల్ల ఆ తర్వాత పదేళ్లు భారత జట్టుకు టెస్టులే లేవు. మంచి వయసులో ఆయన పోగొట్టుకున్న ఆ మూడు టెస్టులను ఏ నివేదిక తెచ్చి ఇస్తుంది?

కథ ఇక్కడ ఆగిపోతే తీర్పు తేలిక. ఆగలేదు. 1947లో విజ్జీ 'సర్' బిరుదు వదులుకున్నారు. 1952లో అమర్‌నాథ్ మళ్లీ కెప్టెన్ కావడం వెనుక విజ్జీ అండ ఉందని క్రికెట్ చరిత్రకారులు రాశారు. 1954 నుంచి 1957 దాకా ఆయన క్రికెట్ బోర్డు అధ్యక్షులు. ఉత్తరప్రదేశ్ క్రికెట్‌ను నిలబెట్టారు. ఒకప్పుడు తాను ఓటింగులో ఓడించిన నాయుడు గారినే ఒప్పించి, 61వ ఏట ఆ రాష్ట్ర జట్టుకు కెప్టెన్‌ను చేశారు. 1958లో పద్మభూషణ్ అందుకున్నారు. విశాఖపట్నం నుంచి లోక్‌సభకూ వెళ్లారు. రేడియోలో వ్యాఖ్యానం కూడా చెప్పారు. 1965 డిసెంబరు 2న కాశీలోనే కన్నుమూశారు.

ఈ జీవితాన్ని ఎలా చూడాలన్న ప్రశ్నకు నాకు జవాబు విజయనగరంలోనే, వాళ్ల ఇంట్లోనే దొరికింది. విజ్జీ తండ్రిగారు విజయరామ గజపతి 1919లో సంగీత పాఠశాల పెట్టారు. పెట్టింది తానే కదా అని వేదికెక్కి పాడలేదు. ఆదిభట్ల నారాయణదాసు గారిని తెచ్చి అధ్యక్ష స్థానంలో కూర్చోబెట్టారు. తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇచ్చినవారు పక్కకు జరిగారు, తెలిసినవారు ముందుకొచ్చారు. వందేళ్లు దాటినా ఆ సంస్థ పేరు చెబితే విజయనగరం మురిసిపోతుంది. విజ్జీ కూడా నాయుడు గారిని ముందు నిలిపి తాను వెనుక ఉన్నప్పుడు ఆటకు మేలే జరిగింది. తానే టాస్ వేయాలనుకున్నప్పుడే కీడు జరిగింది. మనిషి అదే, డబ్బు అదే. మారింది ఆయన కూర్చున్న చోటు.

ఇది మన సంఘానికీ సంబంధించిన విషయమే. యాభై ఏళ్లలో మన బడికి గదులు, బోరు, గ్రంథాలయానికి పుస్తకాలు ఇచ్చిన పూర్వ విద్యార్థులు ఎందరో ఉన్నారు. వారి పేర్లు గోడ మీద ఉండాలి, పెద్ద అక్షరాలతోనే ఉండాలి. కృతజ్ఞత దగ్గర పిసినారితనం పనికిరాదు. కానీ ఏ పిల్లవాడు జట్టులో ఉండాలో, ఏ పాప బహుమతికి తగినదో, ఏ పాఠం ఎవరు చెప్పాలో నిర్ణయించే హక్కు విరాళం రసీదుతో పాటు రాదు. అది ఉపాధ్యాయులది. ప్యాడ్లు కట్టుకుని వరండాలో ఎదురుచూస్తున్న పిల్లవాడు మన బడిలోనూ ఎప్పుడూ ఒకడుంటాడు. వాడి వంతు వాడికి రావాలి.