గండికోట గాదె, రాక్ సర్వర్ రొద

గండికోటకు పోయినవాళ్లు ముందు పెన్న లోయ అంచున నిలబడి ఫొటోలు తీసుకుంటారు. ఆ తర్వాత మాధవరాయస్వామి గుడి, జామా మసీదు చూసుకుని వెనక్కి తిరుగుతారు. దారిలో ఉన్న ధాన్యాగారంలోకి తొంగిచూసినా అందులో ఎక్కువసేపు నిలవరు. అక్కడ శిల్పాలు లేవు, ఉన్నదల్లా ఎత్తైన కమాను కప్పు కింద ఖాళీ చోటు. వేడిని చప్పుడు లేకుండా ఎలా వదిలించుకోవాలో తెలుసుకోవాలంటే మాత్రం ఈ సీమలో ఆ ఖాళీ చోటును మించిన సాక్ష్యం లేదు. ఇవాళ ఈ సంగతి ఎందుకంటే, కంపెనీలు పక్కన పడేసిన రాక్ సర్వర్లను సెకండ్ హ్యాండ్‌లో కొని ఇంట్లో పెట్టుకునేవాళ్లు ఎక్కువవుతున్నారు. స్విచ్ వేయగానే అందులోని చిన్న ఫ్యాన్లు ఒక్కసారిగా కూత పెడతాయి. కాసేపటికి తగ్గినా పూర్తిగా ఆగవు. రాత్రి పక్కగదిలో పడుకున్నవాళ్లకు నిద్ర ఉండదు. అప్పుడు అందరూ ఫ్యాన్‌నే తిడతారు. ఇందులో ఫ్యాన్ తప్పేమీ లేదు. చోటు కలిసిరావాలని ఎప్పుడో చేసుకున్న ఒక ఏర్పాటుకు ఆ రొద మూల్యం. ఆ చోటును తిరిగి ఇచ్చేస్తే రొద పోతుంది, ఇవ్వలేకపోతే వేడి పుట్టడమే తగ్గించుకోవాలి. ఈ రెండు దారులనూ రాయలసీమ ధాన్యం నిల్వలోనే ఎప్పటినుంచో నడిచి చూసింది.

ధాన్యానికీ వేడికీ సంబంధమేమిటని అనిపించవచ్చు. రాశిపోసిన గింజ ప్రాణం లేని సరుకు కాదు. అది ఊపిరి పీలుస్తుంది, ప్రాణవాయువు తీసుకుని బొగ్గుపులుసు వాయువును, తేమను, వేడిని వదులుతుంది. గింజలో తేమ ఎక్కువగా ఉన్నా, పురుగు పట్టినా రాశి నడుమ ఒకచోట వేడి మొదలవుతుంది. ఆ వేడికి పురుగు ఇంకా పెరుగుతుంది, పురుగు పెరిగితే వేడీ పెరుగుతుంది. అలా వదిలేస్తే బూజు పట్టి ధాన్యమంతా ముక్కిపోతుంది. కోటలో ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న గండికోటను 1650లో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే బేరం కోసం ఇక్కడికే వచ్చి అతన్ని కలిశాడు. కొండ మీద, లోయ అంచున ఉన్న ఇలాంటి చోటును ముట్టడించేవాడు గోడల కన్నా ముందు లోపలివాళ్ల తిండి ఎన్నాళ్లకు సరిపోతుందో లెక్కవేస్తాడు. అందుకే గాదె కట్టడంలో తప్పు జరిగితే కోటకే ముప్పు. గండికోట గాదె గోడలు మందం, కప్పు ఎత్తు. బయటి ఎండ ఆ రాయిని దాటి లోపలికి దిగేసరికి పొద్దు వాలుతుంది. లోపల పుట్టిన కొద్దిపాటి వేడి గాలి తేలికై పైకి లేస్తుంది, పైన దానికి కావలసినంత చోటుంది. అంత ఖాళీలో గాలి నెమ్మదిగా కదిలినా చాలు, దాన్ని తరిమే పని ఎవరికీ లేదు.

కోట బయట రైతు దగ్గర అంత రాయీ లేదు, అంత చోటూ లేదు. అతను పాతర తవ్వాడు. నీరు ఊరని గట్టి నేలలో గొయ్యి తీసి, చుట్టూ గడ్డి పేర్చి, ఎండిన జొన్నలు నింపి, పైన మళ్లీ గడ్డి వేసి మన్ను కప్పేవాళ్లు. ఇందులో గాలి ఆడే దారే లేదు. పైకి చూస్తే ఇది గాదెకు పూర్తిగా తలకిందులు. అయినా జొన్న చెడలేదు. మూసిన గుంతలో గింజలు, పురుగులు కలిసి ఉన్న ప్రాణవాయువును తినేస్తాయి, బొగ్గుపులుసు వాయువు నిండుతుంది, ఊపిరి మందగిస్తుంది, దాంతో వేడి కూడా ఆగుతుంది. పాతర తీసిన వెంటనే మనిషిని లోపలికి దించకూడదని, దీపం దించి ఆరిపోకుండా ఉందో లేదో చూడాలని పెద్దలు చెప్పడం అందుకే. తొందరపడి దిగినవాళ్ల ప్రాణాలు పోయాయి. గాదె వేడికి దారి ఇచ్చింది, పాతర వేడిని పుట్టనివ్వలేదు. రెండింటిలోనూ చప్పుడు లేదు.

తర్వాత వచ్చిన ఇంగ్లీషు దొరలు మూడో పద్ధతి తెచ్చారు. 1800లో దత్తమండలాలు, అంటే ఈ సీమ, ఈస్టిండియా కుంఫిణీ చేతికి వచ్చాక మన్రో ప్రధాన కలెక్టరయ్యాడు. 1820లో సి.పి. బ్రౌన్ కడపకు ఉద్యోగానికి వచ్చాడు. ఆ కాలపు దొరల బంగళాల్లో దూలానికి వేలాడే గుడ్డ పంకా ఉండేది. దాని తాడు గోడ కన్నంలోంచి వసారాలోకి పోయేది, అక్కడ కూలీ కూర్చుని గంటలకొద్దీ లాగేవాడు. గది లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉండేది. ఆ సుఖం వెనక కష్టమంతా గోడ అవతల ఉండేది. డేటా సెంటర్లు సరిగ్గా ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రం కడతానని ప్రకటించింది. అలాంటి హాళ్లలో వేల ఫ్యాన్లు ఒకేసారి హోరెత్తినా ఫిర్యాదు చేసేవాళ్లు ఉండరు, ఎందుకంటే లోపల ఎవరూ నిద్రపోరు. మనుషులు ఉండని చోటుకోసం చేసిన యంత్రాన్ని పడకగది పక్కన పెట్టుకుని అది అరుస్తోందనడం న్యాయం కాదు.

ఇక ఆ చోటు ఎక్కడ పోయిందో చూద్దాం. 19 అంగుళాల రాక్ కంప్యూటర్ల కోసం పుట్టింది కాదు. 1922 ప్రాంతంలో అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పరికరాలు తక్కువ చోటులో ఇమడాలని దాన్ని ప్రమాణంగా పెట్టుకుంది. తర్వాత ఎత్తుకూ కొలత స్థిరపడింది: ఒక యూ అంటే ఒకటీముప్పావు అంగుళం, 44.45 మిల్లీమీటర్లు. అంత ఎత్తులో పట్టే ఫ్యాన్ 40 మిల్లీమీటర్లది, అగ్గిపెట్టె పొడవు కూడా ఉండదు. అది నిమిషానికి 15,000 చుట్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ తిరగాలి. మన ఇంటి కప్పుకు వేలాడే 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్ అంత గాలి ఇస్తూ నాలుగు వందల చుట్ల లోపే తిరుగుతుంది. లెక్క కష్టమేమీ కాదు. సర్వర్ ప్లగ్గు నుంచి 300 వాట్లు లాగితే ఆ 300 వాట్లూ చివరికి వేడిగానే బయటికొస్తాయి. లోపలికి పోయిన గాలి పది డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఆ వేడిని మోసుకుపోవాలంటే సెకనుకు సుమారు 26 లీటర్ల గాలి కావాలి. ఆ గాలిని చిన్న కన్నంలోంచి తోస్తే వేగం పెరగక తప్పదు. ఫ్యాన్ వేగం రెట్టింపైతే గాలి రెట్టింపవుతుంది, తినే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది, చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు పెరుగుతుంది. పది డెసిబెళ్లు పెరిగితేనే చెవికి రెట్టింపు రొదగా వినిపిస్తుంది. ఇదే లెక్క తిరగేస్తే మన దారి కనిపిస్తుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు 40 మిల్లీమీటర్లదానికన్నా తొమ్మిది రెట్ల వైశాల్యం ఉంది, అది తాపీగా తిరిగినా సరిపోతుంది. నాలుగు యూల పెట్టెలో అది హాయిగా పడుతుంది.

గింజ వేడి ఎంత, ప్రాసెసర్ వేడి ఎంత అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. రాతిగోడ పగటి ఎండను వాయిదా వేయగలదు గానీ రాత్రింబవళ్లు పుట్టే 300 వాట్లను మింగి ఊరుకోలేదు. సర్వర్‌కు ఫ్యాన్ కావలసిందే. గాదె నుంచి తీసుకోవలసింది రాయిని కాదు, విశాలమైన దారిని. ఇంకొందరు సర్వర్‌ను స్పాంజి అంటించిన అలమరలో పెట్టి తలుపు మూసేస్తారు. అలమరలో గాలి వేడెక్కగానే ఫ్యాన్లు ఇంకా గట్టిగా అరుస్తాయి. పాతర మూసినా చెల్లింది, ఎందుకంటే అందులో వేడి పుట్టడం ఆగింది. సర్వర్ ఊపిరి ఆపుకోదు. వసారాలో పెట్టే ఆలోచన పంకా పద్ధతే, కాకపోతే సాధారణ సర్వర్లు లోపలికి తీసుకునే గాలి 35 డిగ్రీలు దాటకూడదని తయారీదారులే చెబుతారు. కడపలో మే నెల మధ్యాహ్నం 40 దాటుతుంది. డిసెంబరులో చెల్లినది అప్పుడు చెల్లదు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం చేతిపని తెలిసినవాళ్లది: ఆ ఫ్యాన్లు పీకేసి అదే కొలతలో నిశ్శబ్ద ఫ్యాన్లు బిగిస్తే పోలేదా? చాలాసార్లు పోదు. ఒక యూ సర్వర్‌లో గాలి దగ్గరదగ్గరగా ఉన్న లోహపు రెక్కల సందుల్లోంచి దూరాలి, దానికి ఒత్తిడి కావాలి. అదే ఫ్యాన్ వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. నిశ్శబ్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరగడం వల్లే నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ సందుల ముందు దాని గాలి వెనక్కి తిరుగుతుంది. ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. పైగా మదర్‌బోర్డు మీద ఫ్యాన్లను కాపలాకాసే చిప్ ఒకటి ఉంటుంది. కొత్త ఫ్యాన్ ఆ చిప్‌కు తెలిసిన కనీస వేగం కన్నా తక్కువ తిరిగితే, ఫ్యాన్ చెడిపోయిందనుకుని చిప్ మిగతావాటిని పూర్తి వేగానికి తీసుకుపోతుంది. రొద తగ్గించబోయినవాడికి రొద పెరుగుతుంది. ఆ కనీస హద్దును, ఆ చిప్‌కు పంపే ఐపీఎంఐ ఆదేశాలతో తగ్గించుకోవచ్చు. తనకు తెలియని కార్డు పెడితే భయపడి ఫ్యాన్లను పరుగెత్తించే సర్వర్లూ ఉన్నాయి, ఆ కార్డు తీసిచూస్తేనే తెలుస్తుంది. ఈ చిట్కాలు పనికొస్తాయి, వీటితో రొద ఒక మెట్టు దిగుతుంది. కానీ అవి ఇరుకును వెడల్పు చేయవు.

పాతర పాఠం మాత్రం ఖర్చు లేకుండా అక్కరకొస్తుంది, మనవాళ్లు దాన్నే మరిచిపోతారు. ఇంటి సర్వర్ రోజులో ఎక్కువసేపు ఊరికే కూర్చుంటుంది. ఫొటోలు దాచడానికి, రెండు ప్రోగ్రాములు నడపడానికి రెండు ప్రాసెసర్లు, డజను డిస్కులు అక్కర్లేదు. రెండో ప్రాసెసర్ తీసేస్తే, వాడని డిస్కులు లాగేస్తే, బయోస్‌లో విద్యుత్ పొదుపు పెడితే వాట్లు దిగుతాయి. వాట్లు దిగితే కావలసిన గాలి దిగుతుంది, గాలి సగమైతే అదే ఫ్యాన్ చప్పుడు 15 డెసిబెళ్లు తగ్గుతుంది. దీనికి ఒక్క స్క్రూ డ్రైవరు చాలు. కరెంటు బిల్లూ తగ్గుతుంది. ఇక్కడ ఫ్యాన్ల గురించి మాట్లాడేవాళ్లు ఎందరో, ప్లగ్గు దగ్గర వాట్‌మీటర్ పెట్టి చూసేవాళ్లు కొందరే.

సర్వర్ కొనబోయేవాళ్లకు నా మాట ఒక్కటే: ఎంత చవగ్గా దొరికినా ఇంటికి ఒక యూ సర్వర్ తేవద్దు. చోటుంటే నాలుగు యూల పెట్టె, లేకపోతే టవర్ చూడండి. ఇప్పటికే తెచ్చుకుని ఉంటే కొత్త ఫ్యాన్లకు డబ్బు పెట్టేముందు ఒక వారం వాట్లు కొలవండి.