పీసీఓఎస్ సమస్య గల స్త్రీలలో కేశ సమస్యలు – బరువు తగ్గుదల ప్రభావం

(ప్రత్యేక వ్యాసం)

పునరుత్పత్తి వయస్సులో ఉన్న స్త్రీలను బాధిస్తున్న హార్మోన్ల రుగ్మతలలో పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ (పీసీఓఎస్) ప్రధానమైనది. 2023లో వెలువడిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాల ప్రకారం ప్రతి వందమంది స్త్రీలలో 10 నుంచి 13 మందికి ఈ సమస్య ఉన్నది. వీరిలో 70 శాతం వరకు తమకు ఈ రుగ్మత ఉన్నదని తెలియకుండానే జీవిస్తున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాడుకలో దీనిని “అండాశయంలో నీటి బుడగలు” అని పేర్కొనడం పరిపాటి.

నెలసరి క్రమం తప్పడం, గర్భధారణ ఆలస్యం కావడం వంటి లక్షణాలు స్త్రీలను ఆసుపత్రికి రప్పిస్తాయి. అయితే వారిని అనుదినం అద్దం ముందు కుంగదీసేవి కేశ సమస్యలు. గడ్డం, పై పెదవి, చెంపలపై అవాంఛిత రోమాలు పెరుగుతుండగా, తలపై జుట్టు పలుచబడి పాపిడి వెడల్పు అవుతుంది. “బరువు తగ్గితే అన్నీ సర్దుకుంటాయి” అన్న సలహా వీరికి తరచుగా లభిస్తుంది. ఈ సలహాలో వాస్తవం ఉన్నది. కాని బరువు తగ్గుదల వలన ఏది ఎంతవరకు మారుతుంది, ఎంత కాలానికి మారుతుంది అన్న విషయం తెలియకపోవడం వలన పలువురు నష్టపోతున్నారు. రెండు నెలలలో ఫలితం కానరాలేదని కొందరు ప్రయత్నం విరమిస్తున్నారు. మరికొందరు త్వరపడి తిండి మానివేసి, ఉన్న జుట్టును కూడా పోగొట్టుకుంటున్నారు.

రుగ్మత స్వరూపం

అండాశయాలలో కనిపించేవి నిజమైన నీటి తిత్తులు కావు. పూర్తిగా ఎదగకుండా మధ్యలో నిలిచిపోయిన అండపుటికలే స్కానింగులో చిన్న బుడగల వలె కనిపిస్తాయి. అమెరికా వైద్యులు స్టీన్, లెవెంతల్ 1935లో ఈ రుగ్మతను వర్ణించారు. పురుష హార్మోన్ల ఆధిక్యం, అండం విడుదలలో లోపం, స్కానింగులో లేదా ఏఎంహెచ్ రక్త పరీక్షలో కనిపించే మార్పులు అనే మూడు అంశాలలో రెండు ఉన్నప్పుడు, ఇతర వ్యాధులు లేవని నిర్ధారించుకొని వైద్యులు దీనిని గుర్తిస్తారు. కౌమార బాలికలలో మొదటి రెండు అంశాలూ ఉండవలసిందే. స్కానింగు ఆధారంగా వారికి ఈ వ్యాధిని అంటగట్టరాదని 2023 మార్గదర్శకాలు స్పష్టం చేశాయి.

ముఖంపై పెరుగుదల, తలపై రాలుదల

పురుష హార్మోన్లుగా పిలిచే ఆండ్రోజెన్లు స్త్రీల శరీరంలోనూ స్వల్పంగా ఉంటాయి. పీసీఓఎస్ గల అనేకమందిలో శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించదు. అందువలన రక్తంలో ఇన్సులిన్ స్థాయి పెరుగుతుంది. ఇది రెండు విధాలుగా హాని చేస్తుంది. మొదటిది, అండాశయాలను ప్రేరేపించి టెస్టోస్టిరాన్ ఉత్పత్తిని పెంచుతుంది. రెండవది, ఆ హార్మోన్‌ను రక్తంలో బంధించి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ను కాలేయం తక్కువగా తయారు చేసేటట్లు చేస్తుంది. ఫలితంగా, బంధనం లేని టెస్టోస్టిరాన్ చర్మానికి అధికంగా చేరుతుంది. అక్కడ అది మరింత శక్తిమంతమైన డీహెచ్‌టీగా మారుతుంది.

ఈ హార్మోన్ ప్రభావం శరీర భాగాన్ని బట్టి మారడం గమనార్హం. ముఖం, ఛాతీ, పొత్తికడుపుపై ఉన్న మెత్తని నూగును అది నల్లని, దళసరి రోమాలుగా మారుస్తుంది. తలపై అదే హార్మోన్ కుదుళ్లను క్రమంగా కుదించి వెంట్రుకలను సన్నబరుస్తుంది. అందుచేతనే ఒకే స్త్రీలో రెండు పరస్పర విరుద్ధ సమస్యలు కనిపిస్తాయి.

అవాంఛిత రోమాల తీవ్రతను కొలిచేందుకు 1961లో రూపొందిన ఫెర్రీమన్–గాల్వే పద్ధతిని సవరించి నేటికీ వాడుతున్నారు. శరీరంలోని తొమ్మిది భాగాలకు ఒక్కొక్కదానికి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారు. మొత్తం మార్కులు 36. జాతిని బట్టి 4 నుంచి 6 మార్కులు దాటితే అధిక రోమాలుగా పరిగణిస్తారు.

బరువు తగ్గితే కలిగే మార్పులు

అధిక బరువు ఇన్సులిన్ నిరోధాన్ని తీవ్రతరం చేస్తుంది. అందువలన బరువు తగ్గుదల సమస్య మూలాన్ని తాకుతుంది. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా ప్రయోజనం కనిపిస్తుంది. 70 కిలోల స్త్రీ మూడున్నర నుంచి ఏడు కిలోలు తగ్గితే చాలును. ఇన్సులిన్ తగ్గుతుంది, ఎస్‌హెచ్‌బీజీ పెరుగుతుంది, స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. పలువురిలో నెలసరి క్రమబద్ధమవుతుంది.

రోమాల విషయంలో మాత్రం మార్పు పరిమితం. ఆహార, వ్యాయామ మార్పులపై జరిగిన పరిశోధనలను క్రోడీకరించి 2011లో వెలువడిన కోక్రేన్ సమీక్షలో, ఫెర్రీమన్–గాల్వే మార్కులు సగటున ఒకటి కంటే కొంచెం ఎక్కువగా తగ్గినట్లు తేలింది. అనగా 36 మార్కుల కొలతలో ఒక మార్కు. ఇందుకు కారణం ఉన్నది. ఒకసారి నల్లబడి దళసరి అయిన రోమం, హార్మోన్ తగ్గినంత మాత్రాన తిరిగి నూగుగా మారడం అరుదు. బరువు తగ్గుదల ప్రధానంగా కొత్త రోమాలు రాకుండా నిలువరిస్తుంది, ఉన్నవాటి పెరుగుదల వేగాన్ని తగ్గిస్తుంది, ఇతర చికిత్సలు నిలకడగా పనిచేసేందుకు దోహదపడుతుంది. తలపై పలుచబడిన జుట్టుకు కూడా ఇదే వర్తిస్తుంది. నష్టం ఆగడం మొదటి విజయం, తిరిగి ఒత్తుగా పెరగడం తరువాతి మాట.

ఓపిక అవసరం

వెంట్రుకకు పెరుగుదల దశ, విశ్రాంతి దశ అనేవి ఉంటాయి. తలపై పెరుగుదల దశ రెండు నుంచి ఆరు సంవత్సరాలు, విశ్రాంతి దశ సుమారు మూడు నెలలు. రక్తంలో హార్మోన్లు వారాలలో మారినా, ఆ మార్పు కుదురు నుంచి బయటికి వచ్చి కంటికి కనిపించేందుకు కనీసం ఆరు నెలలు పడుతుంది. కనుక రోజూ అద్దంలో చూసుకొని నిరుత్సాహపడరాదు. నెలసరి తేదీలు, నడుము కొలత, ముఖంపై రోమాలు తొలగించుకోవలసిన వ్యవధి వంటివి వ్రాసి పెట్టుకోవడం మేలు. వారానికి ఒకసారి త్రెడింగ్ చేయించుకొనే స్త్రీకి అది పది, పదిహేను రోజులకు ఒకసారి సరిపోతే, అది ప్రగతికి సూచన.

కఠిన ఉపవాసాలతో ముప్పు

బరువు త్వరగా తగ్గాలన్న ఆతురత జుట్టుకు శత్రువు. శక్తి, ప్రోటీన్, ఇనుము ఒక్కసారిగా తగ్గినప్పుడు శరీరం ప్రాణావసరాలకే పోషకాలను వినియోగిస్తుంది. తల వెంట్రుకలు పెద్ద సంఖ్యలో ఒకేసారి విశ్రాంతి దశకు చేరి, రెండు మూడు నెలల తరువాత గుత్తులుగా రాలుతాయి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. దువ్వెనలో, స్నానాల గదిలో అంతకు మించి కనిపిస్తే ఇటీవలి నెలలలో తీసుకున్న ఆహారాన్ని సమీక్షించుకోవాలి. కారణం తొలగితే ఈ రకపు రాలుదల సాధారణంగా ఆరు నెలలలో సర్దుకుంటుంది. బరువు తగ్గించే శస్త్రచికిత్సలు, ఇంజక్షన్ల వలన బరువు వేగంగా తగ్గినవారిలోనూ ఇటువంటి రాలుదల కనిపిస్తుంది.

తెలుగు రాష్ట్రాలలో ఈ అంశం మరింత ప్రాధాన్యం గలది. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 సంవత్సరాల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయం కలిగి ఉన్నారు. అదే సర్వేలో రక్తహీనత గల స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. బరువు అధికమై రక్తం తక్కువైన స్త్రీ పూటలు మానివేస్తే జుట్టు రాలుదల ఇనుమడిస్తుంది. కనుక ఆహార నియమాలు ప్రారంభించేముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షలు చేయించుకోవడం శ్రేయస్కరం. జుట్టు కొరకు సొంతంగా బయోటిన్ మాత్రలు వాడేవారు ఆ సంగతిని వైద్యులకు తెలియజేయాలి. అవి థైరాయిడ్ వంటి రక్త పరీక్షల ఫలితాలను తారుమారు చేయగలవు.

ఆహారం, వ్యాయామం

వారానికి అర కిలో చొప్పున తగ్గడం సురక్షితం. ఇందుకు రోజువారీ ఆహారంలో సుమారు 500 కేలరీలు తగ్గించుకుంటే సరిపోతుంది. పీసీఓఎస్‌కు ప్రత్యేకించిన ఆహార పద్ధతి ఏదీ మిగిలినవాటికంటే మేలైనదని రుజువు కాలేదు. ఎక్కువకాలం పాటించగలిగినదే ఉత్తమమైనది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించరాదు. అన్నం ప్రధానంగా భుజించే మన కుటుంబాలలో కంచంలోని అన్నాన్ని కొంత తగ్గించి, ఆ స్థానంలో పప్పు, కూర, ఆకుకూర పెంచుకోవడం తొలి మెట్టు. భారతీయ వైద్య పరిశోధన మండలి 2020 ప్రమాణాల ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల ప్రోటీన్, 29 మిల్లీగ్రాముల ఇనుము అవసరం. పెసరట్టు, ఉలవలు, శనగలు, గ్రుడ్డు, చేపలు, పెరుగు వంటివాటి ద్వారా ప్రోటీన్ సమకూరుతుంది. తోటకూర వంటి ఆకుకూరలపై నిమ్మరసం పిండుకొని తింటే అందులోని ఇనుము శరీరానికి బాగా పడుతుంది. భోజనంతోపాటు కాఫీ, టీలు తీసుకుంటే ఇనుము గ్రహణం తగ్గుతుంది.

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరం. బరువు తగ్గదలచినవారు నడకను 250 నిమిషాలకు పెంచుకోవాలి. తూకంలో మార్పు రాకపోయినా వ్యాయామం వలన ఇన్సులిన్ పనితీరు మెరుగుపడుతుంది.

తోడుగా చికిత్సలు

బరువు తగ్గేవరకు ఇతర చికిత్సలను వాయిదా వేయనవసరం లేదు. రెండూ ఏకకాలంలో సాగవచ్చును. త్రెడింగ్, వ్యాక్సింగ్, షేవింగ్ తాత్కాలిక ఉపశమనం కలిగిస్తాయి. షేవింగ్ వలన రోమాలు దళసరి అవుతాయన్నది అపోహ. కత్తిరించిన కొన మొద్దుగా ఉండడం వలన అట్లు తోస్తుంది. లేజర్ చికిత్స రోమాలను దీర్ఘకాలం తగ్గిస్తుంది. అయితే చామనఛాయ, నలుపు చర్మానికి తగిన లేజర్‌ను ఎంచుకోకపోతే కాలిన మచ్చలు ఏర్పడవచ్చు. కొందరిలో రోమాలు మరింత పెరగడమూ ఉన్నది. కావున అనుభవజ్ఞులైన చర్మవైద్యుల వద్దనే చేయించుకోవాలి.

మందులలో హార్మోన్ల గర్భనిరోధక మాత్రలు మొదటి వరుసలో ఉంటాయి. ఆరు నెలలకు తగిన ఫలితం రానప్పుడు స్పైరోనోలాక్టోన్ వంటి మందులు చేర్చవచ్చు. ఇవి గర్భస్థ శిశువుకు హాని చేసే అవకాశం ఉన్నందున కచ్చితమైన గర్భనిరోధం పాటించాలి. బరువు తగ్గినప్పుడు అండం విడుదల పునరుద్ధరింపబడి అనుకోకుండా గర్భం రావచ్చునన్న సంగతి ఇక్కడ మరువరాదు. మెట్‌ఫార్మిన్ నెలసరికి, ఇన్సులిన్‌కు ఉపకరిస్తుంది గాని రోమాలపై దాని ప్రభావం స్వల్పం. తలపై పలుచబడిన జుట్టుకు పైపూతగా వాడే మినాక్సిడిల్‌ను నెలల తరబడి కొనసాగించాలి. ఏ మందునైనా వైద్యుల సలహాపైనే వాడాలి.

సన్నగా ఉన్నవారి సంగతి

పీసీఓఎస్ గల స్త్రీలందరూ స్థూలకాయులు కారు. భారతీయులకు శరీర ద్రవ్యరాశి సూచిక 23 దాటితే అధిక బరువుగా, స్త్రీలలో నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదకరంగా పరిగణిస్తారు. ఈ పరిమితులలోపు ఉన్నవారు బరువు తగ్గేందుకు ప్రయత్నించరాదు. వారికి వ్యాయామం, సమతులాహారం, మందులే మార్గం.

ఎప్పుడు జాగు చేయరాదు

కొద్ది నెలలలోనే రోమాలు వేగంగా పెరగడం, గొంతు బొంగురు పోవడం వంటివి అండాశయం లేదా అడ్రినల్ గ్రంథిలో కణితికి సూచనలు కావచ్చు. ఇటువంటి లక్షణాలు కనిపిస్తే వెంటనే వైద్యులను సంప్రదించాలి. జుట్టు రాలడానికి థైరాయిడ్ లోపం కూడా కారణం కావచ్చును గనుక ఆ పరీక్ష కూడా చేయించుకోవాలి.

కుటుంబం బాధ్యత

ముఖంపై రోమాల గురించి, శరీరం బరువు గురించి బంధువులు, ఇరుగుపొరుగు చేసే వ్యాఖ్యలు ఆడపిల్లల మనస్సును గాయపరుస్తాయి. పెళ్లిచూపులు సమీపించిన ఇండ్లలో ఈ ఒత్తిడి అధికం. పీసీఓఎస్ గల స్త్రీలలో ఆందోళన, కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తున్నందున వాటిని కూడా గుర్తించి చికిత్స చేయాలని 2023 మార్గదర్శకాలు సూచించాయి. మానసిక వ్యథకు లోనైనవారు టెలి–మానస్ ఉచిత సేవను 14416 నంబరు ద్వారా పొందవచ్చు.

పీసీఓఎస్ స్త్రీ చేసిన తప్పు కాదు, ఆమె సోమరితనానికి గుర్తు కాదు. ఇంటిల్లిపాదీ ఒకే మితాహారం స్వీకరించి, ఆమెతో కలిసి నడకకు వెళ్లి, ఆరు నెలలు ఓపిక పట్టగలిగితే ఆమెకు అదే పెద్ద అండ. సమీపంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీ వైద్య నిపుణులను సంప్రదించి, తగిన పరీక్షలు చేయించుకొని, క్రమపద్ధతిలో బరువు తగ్గించుకుంటూ చికిత్స పొందడమే కేశ సమస్యల నుంచి ఉపశమనానికి సరియైన మార్గం.