కందెన - కమాను కట్ట

చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరు చేయబడి, 1911లో ఆయన మరణించిన తరువాత ఏడవ నిజాం చేతికి వచ్చిన బండి అది. ఇన్ని దశాబ్దాలలో తిరిగింది కొన్ని వందల మైళ్ళే. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఆ ఆరవ నిజాం వల్లనే. కల్వకుర్తి 2016లో నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వెళ్ళేదాకా ఆ పేరు గల జిల్లాలోనే ఉండినది.

అంత తక్కువ తిరిగిన బండికి ముప్పేమిటని పాఠకులు అడుగవచ్చు. ముప్పంతా కమాను కట్టలలో ఉన్నది. లండన్‌లో ఒబడయా ఎలియట్ 1804లో గుర్రపు బండ్ల కోసం పేటెంటు పొందిన దీర్ఘవృత్తపు స్ప్రింగుల వంశమే ఇది. బరువు పడ్డప్పుడు వంపు పట్టీలు చదునై, ఒకదానిపై ఒకటి వెంట్రుకవాసి జారుతాయి. ఆ జారుడు ఉన్నంతవరకే స్ప్రింగు స్ప్రింగు. కదలకుండా నిలిచిన బండిలో పట్టీల సందున తేమ చేరి తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి పట్టీలను విడదీస్తుంది. చివరికి కట్ట మొత్తం ఒక ఇనుప దిమ్మె అవుతుంది. అప్పుడు కుదుపు అంతా చాసిస్ మీదికే పోతుంది, పట్టీ ఏదో ఒకటి విరుగుతుంది.

అలాగని నూనె ముంచి పోయరాదు. షాక్ అబ్సార్బర్లు సరిగా లేని ఆ కాలంలో పట్టీల రాపిడే ఊగుడును అణచేది. రాపిడి పూర్తిగా పోతే కారు పడవలా ఊగుతుంది. అందుకే 1920, 30లలో కట్టలకు తోలు తొడుగులు వేసి లోపల గ్రీజు నింపేవారు. తొడుగు చిరిగితే లోపలి నీరు బయటికి పోదు, అది వేరే కష్టం. 1929 నాటి ఫాంటమ్-2లో అయితే డ్రైవరు పాదంతో నొక్కితే చాసిస్ కీళ్ళన్నిటికీ నూనె చేరే ఏర్పాటు చేశారు.

ఇక ఇక్కడి సంగతి. హైదరాబాదు సంస్థానం ఆముదపు సాగులో దేశంలో ముందుండేది. నల్లగొండ, మహబూబ్‌నగర్ చల్క నేలలు అందులో పెద్ద భాగం. బండివాడు ఆముదంలో గడ్డి మసి నూరి కందెన చేసి, వెదురు గొట్టంలో పోసి బండికి వేలాడదీసుకునేవాడు. ప్రయాణానికి ముందు ఇరుసుకు పూసేవాడు. మసి అంటే బొగ్గుపొడి; నేటి గ్రాఫైట్ గ్రీజులో ఉన్నదీ కార్బనే. 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన నూనెకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టడానికి కూడా కారణం ఆముదమే.

అయినా మన నూనె గదా అని పాత కారు కమాను కట్టకు ఆముదం పూయడం నా దృష్టిలో పొరపాటు. గాలి తగిలిన ఆముదం కాలక్రమాన బంకగా గట్టిపడి దుమ్మును పట్టుకుంటుంది. ఇరుసుకు మళ్ళీ మళ్ళీ కొత్తది పూస్తారు కనుక బండివాడికి ఆ బాధ లేదు. ఏళ్ళ తరబడి నిలిచే కారుకు ఉన్నది. అయితే సహజ రబ్బరును పాడుచేయని గుణం ఆముదానిది; తొలినాటి బ్రేకు ద్రవాలలో దాన్ని వాడింది అందుకే. పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది కనుక రబ్బరు బుష్షులున్న బండ్లలో దాన్ని వాటికి తగలనీయరాదు.

పని చేసే తీరు ఇది. జాకీ ఇరుసు కింద కాక చాసిస్ కింద పెట్టాలి. బరువు దిగి కట్ట వేలాడినప్పుడు పట్టీల సందులు కొంచెం విచ్చుకుంటాయి. తీగ బ్రష్షుతో మట్టి రాల్చి, పలుచని బద్దతో గ్రాఫైట్ గ్రీజు సందుల్లోకి పంపాలి. తుప్పు ముదిరి ఉంటే కట్ట దించి విడదీయక తప్పదు. నడిమి బోల్టు విప్పే ముందు కట్టను క్లాంపుతో బిగించి ఉంచాలి, లేకుంటే పట్టీలు ఎగిరి చెయ్యి విరిచే ప్రమాదం ఉన్నది.

ఆముదం సాగులో ఇప్పుడు గుజరాత్ ముందున్నది. నాగర్‌కర్నూల్ దగ్గరి పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానంలో మాత్రం ఆముదం మీద పని జరుగుతూ వచ్చినది. కర్ర చక్రాలు పోయి టైరు బండ్లు వచ్చాయి, వాటి బేరింగులకు డబ్బా గ్రీజు చాలు, కందెన గొట్టాలు అటకల మీదికి చేరాయి.